అరిటాకు మీద పాప

మా తమ్ముడి కూతురికి ఈ మధ్యే పీజీలో స్కిన్ సీటు వచ్చింది. ఇంటిల్లిపాదీ సంబరం. పూతరేకుల డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చి, "అత్తా, ఇక నేనూ నీ లైనే! నైట్ డ్యూటీలుండవు, ఎమర్జెన్సీలుండవు, పేషెంట్లెవరూ చచ్చిపోరు. లైఫ్ సెటిల్!" అంది. మా తమ్ముడు పక్కనుంచి, "లేజర్ మిషనొకటి కొనిస్తే బెంజి సర్కిల్ దగ్గర క్లినిక్ పెట్టేస్తుందక్కా" అన్నాడు.

నేను పూతరేకు తింటూ కూర్చున్నాను. నాది నోటిదురుసని మా ఇంట్లో పేరుంది. పిల్ల సంతోషం మీద నీళ్లు చల్లడం ఎందుకని ఆ పూటకి నోరు మూసుకున్నాను. వాళ్లు వెళ్లాక మాత్రం నా వల్ల కాలేదు. అందుకే ఇది రాస్తున్నాను. మా పిల్ల చదువుతుందో లేదో నాకు తెలీదు. దానిలాగే హాయిగా ఉంటుందని ఈ పనిలోకి వస్తున్నవాళ్లు ఎవరో ఒకరు చదివితే చాలు.

నా ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్లు, సన్మానాల శాలువాలు ఇందులో ఉండవు. నేను బతికించినవాళ్ల కథలు కూడా ఉండవు. అవి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. బెజవాడలో ఏ రోడ్డు చూసినా వాళ్ల ఫ్లెక్సీలే.

ఏది దేన్ని పట్టుకుంటుంది

చర్మం అంటే మనల్ని కప్పిన దుప్పటి అనుకుంటారు జనం. కాదండీ. అది లెక్కలేనన్ని కణాల గుంపు. ప్రతి కణమూ పక్కనున్న కణాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఈ కణంలోంచి కొన్ని ప్రొటీన్లు బయటికి చాచుకుని వస్తాయి, ఆ కణంలోంచి కొన్ని వస్తాయి, మధ్యలో రెండూ పెనవేసుకుంటాయి. జాకెట్టుకి కుట్టే ప్రెస్ బటన్లు ఉంటాయి చూడండి, ఇంచుమించు అలాంటివి. ఒక్కో కణం చుట్టూ ఆ బటన్లు బోలెడు.

అన్నిటికంటే అడుగు వరసలో ఉన్న కణాలకి ఇంకో పని కూడా ఉంది. పక్కవాళ్లని పట్టుకుంటే సరిపోదు, కిందున్న నేలని కూడా పట్టుకోవాలి. ఆ నేల ఒక పలచటి పొర. కణం తన అడుగు నుంచి దాంట్లోకి సన్నని మేకుల్లాంటివి దింపుకుంటుంది. ఆ మేకుల్లో ఒకదాని పేరు లామినిన్. పరీక్షలో రాస్తే మార్కు వస్తుంది కాబట్టి ఆ పేరు చెప్పాను, లేకపోతే పేరుతో పనిలేదు. బస్సులో కడ్డీ పట్టుకున్నా, తువ్వాలుతో ఒళ్లు తుడుచుకున్నా, మన చర్మం ఊడి చేతికి రాకపోవడానికి కారణం ఇదే. రోజంతా ఒళ్లంతా జరుగుతున్న ఈ పని గురించి ఎవ్వరమూ ఒక్క క్షణం ఆలోచించం.

ఆ పట్టు రెండు రకాలుగా పోతుంది. మన ఒంట్లో రోగాలతో పోట్లాడాల్సిన సైన్యమే బుర్ర చెడి, కణాల మధ్య బటన్లని శత్రువులనుకుని ఊడగొడుతుంది. పెద్దవాళ్లలో వచ్చే పెంఫిగస్ అదే. రెండోది పుట్టుకతో వచ్చేది. అడుగున మేకే తయారవదు. అప్పుడు పైనున్న చర్మం, ఆరని గోడ మీద వేసిన సున్నంలా, ముట్టుకుంటే లేచి వచ్చేస్తుంది. మొదటిదానికి మందులున్నాయి. రెండోదానికి ఇవాళ్టికీ మన దగ్గర ఏమీ లేదు. విదేశాల్లో అందులో ఏదో ఒక రకానికి జీన్ మందు వచ్చిందని కాన్ఫరెన్సుల్లో స్లైడ్లు వేసి చూపిస్తారు. చూసి, చప్పట్లు కొట్టి, బఫే లైన్లో నిలబడతాం.

ప్రొఫెసరు గారు వేసిన శిక్ష

నేను పీజీ చేసేటప్పుడు మా ప్రొఫెసరు గారికి ముక్కు మీద కోపం. ఆయన బూట్ల చప్పుడు వినబడితే వార్డులో ఫ్యాన్లు కూడా మెల్లగా తిరుగుతాయని మేం చెప్పుకునేవాళ్లం.

ఒకసారి ఉయ్యూరు వైపు నుంచి ఒక చెరకు రైతు పెంఫిగస్‌తో వచ్చాడు. వీపంతా పచ్చిపుండు. ఈ జబ్బుకి ఒక పరీక్ష ఉంది. పుండు పక్కన బాగానే కనిపిస్తున్న చర్మం మీద వేలు పెట్టి నొక్కి జరిపితే, పై పొర జారిపోతుంది. కణాలు ఒకదాన్నొకటి వదిలేశాయని దాంతో తెలిసిపోతుంది. పరీక్షల సీజను కదా, పీజీలంతా ఆ రైతు మంచం చుట్టూ చేరి తలా ఒక చోట నొక్కి చూస్తున్నారు. ఆ పెద్దమనిషి పళ్లు బిగించుకుని, "నేర్చుకోండి బాబూ, నేర్చుకోండి" అంటున్నాడు. నా వంతు ఇంకా రాలేదు. ఇంతలో బూట్ల చప్పుడు వినిపించింది.

సారు అరవలేదు. అందుకే మాకు ఇంకా భయమేసింది. రైతు వీపు వంక కాసేపు చూసి, "ఎవరు చేసిన పుండు వాళ్లే మానేదాకా కడగాలి" అన్నారు. నేనింకా ముట్టుకోలేదు సార్ అని నసిగాను. "లైన్లో నిలబడ్డావుగా, నువ్వూ కడుగు" అన్నారు. రోజూ పొద్దున్నే వెళ్లి కడిగాం. వేలితో ఒక్క క్షణంలో చేసిన పుండు మానడానికి ఎంతకాలం పడుతుందో మాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, ఆ శిక్షే చెప్పింది.

అరిటాకు సంగతి కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పచ్చిపుండుకి దుప్పటి అంటుకుంటుంది, గాజుగుడ్డ అంటుకుంటుంది. లేత అరిటాకు అంటుకోదు. తోట్లవల్లూరు లంకల నుంచి వచ్చే ఆకుల్లో చిరుగు లేనివి ఏరి, కడిగి, ఆవిరి పట్టి, వాజిలీను రాసి మంచం మీద పరిచేవాళ్లం. చల్లగా ఉండేది, పేషెంటు పక్కకి తిరిగినా చర్మం లేచేది కాదు. కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఇప్పుడు సిలికాన్ డ్రెస్సింగులున్నాయి. మంచివే. కానీ మా సర్కారు ఆసుపత్రి వార్డుకొచ్చే వాళ్లకి అవి పేపర్లో బొమ్మలు.

ఆ రైతు మాత్రలతో బాగుపడి ఇంటికెళ్లాడు. పోతూ పోతూ, వచ్చే సీజనులో బెల్లం పంపిస్తానన్నాడు. ఊళ్లో ఎవరో, "స్టెరాయిడ్లంట, కిడ్నీలు కొట్టేస్తాయి" అన్నారట. ఒళ్లు బాగానే ఉంది కదా అని మాత్రలు టక్కున ఆపేశాడు. మళ్లీ వచ్చేసరికి ఆయన ఒంట్లో సెప్టిక్ పాకిపోయింది. బెల్లం రాలేదు, మనిషి పోయాడు. పేషెంట్లు చచ్చిపోరని ఎవరు చెప్పారే నీకు?

రేవతి కూతురు

ఇక అసలు సంగతి. నేను రిటైరు కావడానికి కొద్దిగా ముందు, ఎండలు ముదిరిన రోజుల్లో, ఉయ్యూరు దాటాక ఉన్న ఒక పల్లెటూరి నుంచి పసిగుడ్డుని తీసుకొచ్చారు. పుట్టి రెండు రోజులు. ఆడపిల్ల. పురుడు పోసిన నర్సింగ్‌హోములో చేతికి సెలైన్ పెట్టి, అది కదలకుండా ప్లాస్టరు వేశారు. ఆ ప్లాస్టరు లాగితే కింద చర్మం కూడా దాంతోపాటు ఊడొచ్చింది. అప్పుడు భయపడి మా దగ్గరికి తోలారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఫోను చేసి ఆ నర్సింగ్‌హోము డాక్టర్ని దులిపేశాను. తర్వాత ఆలోచిస్తే, పాపం అతనికి మాత్రం ఏం తెలుసు? ఇలాంటి బిడ్డని జన్మలో చూసి ఉండడు. మీరు చూసినప్పుడు గుర్తుపెట్టుకోండి. అప్పటికే ప్లాస్టరు వేసి ఉంటే లాగకండి. నూనె పోసి నానబెట్టండి. ఎంతసేపైనా సరే, దానంతటది వదిలేదాకా ఆగండి.

పాపకి నోటి చుట్టూ పుండ్లు, వేళ్లకి గోళ్లు ఊడిపోతున్నాయి. నాకు భయం వేసింది మాత్రం ఏడుపు విని. గొంతు బొంగురుగా, పెద్దవాళ్లకి జలుబు చేసినట్టు ఉంది. చర్మం ఒక్కటే కాదు, గొంతు లోపలి పొర కూడా పట్టు వదిలేస్తోందన్నమాట. చర్మం ముక్క తీసి పరీక్షకి పంపించాను గానీ, ఆ ఏడుపుతోనే నాకు తెలిసిపోయింది. అడుగున మేకులు లేని రకంలో ఇది మరీ పాడు రకం. ఈ పిల్లలు ఏడాది తిరగరు.

తల్లి పేరు రేవతి. ఇరవై ఏళ్లు నిండాయో లేదో. కుట్లు నొప్పి పెడుతున్నా వార్డు దాకా నడిచొచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడింది. మొగుడు రాంబాబు ఉయ్యూరులో ట్రాక్టరు మెకానిక్కు, నెమ్మదస్తుడు. వాళ్లిద్దరి వెనక ఒక పెద్దావిడ. సామ్రాజ్యమ్మ గారు. ఆవిడ రాంబాబుకి తల్లి, రేవతికి సొంత అమ్మమ్మ కూడా. అంటే మేనమామతో పెళ్లి.

అరిటాకు మీద పాపని పడుకోబెడుతుంటే సామ్రాజ్యమ్మ గారు నొచ్చుకున్నారు. "అదేంటి డాక్టరమ్మా, విస్తట్లో వడ్డించినట్టు!" అన్నారు. "మామ్మగారూ, ఆకొక్కటే పాపని అంటుకోకుండా మోసేది" అన్నాను. మర్నాటి నుంచి ఆకులు ఆవిడే వాళ్ల పెరట్లోంచి పంపించడం మొదలుపెట్టారు.

రేవతికి అన్నీ నేర్పాను. చంకల కింద చేతులు పెట్టి ఎత్తకూడదు. ఆకు కింద స్పాంజి దిండు పెట్టి దిండుతో సహా ఎత్తాలి. రొమ్ము పట్టించకూడదు, పెదాలు లేచిపోతాయి. పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టాలి. గుండెకి అదుముకోకూడదు, ముద్దు పెట్టకూడదు. ఆ పిల్ల అన్నీ బుద్ధిగా విని, "మరి ఎప్పుడు ఎత్తుకోవచ్చండీ?" అంది.

"కాస్త మాననీ, చూద్దాం" అన్నాను. నేను రౌండ్సుకి వెళ్లిన ప్రతిసారీ అదే ప్రశ్న. జ్వరం గురించి అడగదు, బరువు గురించి అడగదు. "ఇవాళ ఎత్తుకోవచ్చాండీ?" నేను అదే జవాబు చెప్పేదాన్ని. మానదని నాకు తెలుసు.

సామ్రాజ్యమ్మ గారి చేతులు

కొన్నాళ్లకి పుండ్లు కాస్త ఆరాయి. ఇరవై ఒకటో రోజు దగ్గరపడుతోంది. ఇంటికి తీసుకెళ్లి పేరు పెట్టుకుని వస్తామన్నారు. వార్డులో ఉంటే ఇన్ఫెక్షన్ల భయం ఎలాగూ ఉంది, సరేనన్నాను. మొలతాడు కట్టొద్దు, గాజులు వేయొద్దు, నలుగు పెట్టొద్దు, ఒంటికి చెయ్యి తగిలేలా నీళ్లు పోయొద్దు అని ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పాను. తిరిగి అప్పజెప్పించుకున్నాను కూడా. మామ్మగారు కూడా తప్పు లేకుండా అప్పజెప్పారు.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. సామ్రాజ్యమ్మ గారు వాళ్ల ఊళ్లో పసిపిల్లలకి నీళ్లు పోయడంలో దిట్ట. పీట మీద కూర్చుని కాళ్లు చాచుకుని, బిడ్డని కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె పట్టించి, సున్నిపిండితో రుద్ది, కాళ్లూ చేతులూ సాగదీసి, ముక్కు ఒత్తి, వేణ్ణీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి ఇస్తే, ఆ బిడ్డ మళ్లీ సాయంత్రం దాకా లేవదట. ఊళ్లో ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్న మొగాళ్లలో సగం మంది ఆవిడ కాళ్ల మీద పెరిగినవాళ్లే. రాంబాబూ ఆ కాళ్ల మీదే పెరిగాడు, రేవతీ ఆ కాళ్ల మీదే పెరిగింది.

నేను చెప్పింది ఆవిడ నమ్మలేదని కాదు. నలుగు వద్దంటే, చేతకానివాళ్ల మోటు చేతుల గురించి చెప్పాననుకున్నారు. పైగా, నీళ్లు పోస్తేనే పిల్లల ఒళ్లు గట్టిపడుతుందని ఆవిడ నమ్మకం. ఈ పిల్లకి ఒళ్లు మెత్తగా ఉండటమే కదా జబ్బు? మరి గట్టిపడాలంటే నీళ్లు పోయాలి. ఆవిడ ఆలోచన అది. తప్పు పట్టాలంటే పట్టొచ్చు గానీ, ఎక్కడ పట్టాలో నాకిప్పటికీ తెలీదు. బారసాల నాటి పొద్దున, రేవతి కాస్త కన్నంటుకున్న సమయంలో, పాపని కాళ్ల మీద వేసుకున్నారు.

ఆటోలో బందరు రోడ్డంతా ఎలా వచ్చారో! నేను క్యాజువాలిటీకి వెళ్లేసరికి పాప వీపు మీద, తొడల మీద తోలు లేదు. రేవతి ఆకు పట్టుకుని నిలబడి ఉంది, కళ్లలో నీళ్లు కూడా లేవు. సామ్రాజ్యమ్మ గారు గోడ పక్కన నిలబడి రెండు చేతులూ ఒంటికి దూరంగా చాచి పెట్టుకున్నారు. వేళ్లకి సున్నిపిండి అలాగే ఎండిపోయి ఉంది, కడుక్కోలేదు.

ఫోన్లో సంగతి విన్నప్పట్నుంచీ, దారిలో కారు నడుపుతూ ఆవిడ్ని ఏమని తిట్టాలో మాటలు కూడబెట్టుకున్నాను. మామూలు మాటలు కూడా కాదు. తీరా ఎదురుపడితే ఆ చేతులే చూస్తూ నిలబడ్డాను.

"నేను రుద్దలేదమ్మా. నూనె చెయ్యి ఇలా ఆన్చానంతే. చేతికి వచ్చేసింది" అన్నారు ఆవిడ.

"చేతులు కడుక్కోండి మామ్మగారూ" అన్నాను. కదల్లేదు. చివరికి రాంబాబే తల్లిని పంపు దగ్గరికి తీసుకెళ్లి, ఒక్కొక్క వేలూ కడిగాడు. ఆ తర్వాత ఆవిడ ఊళ్లో ఎవరి బిడ్డకీ నీళ్లు పోయలేదని విన్నాను.

ఎందుకు వచ్చింది

చుట్టాలు ఊరుకుంటారా? గ్రహణం నాడు రేవతి బయట తిరిగిందన్నారు. బొప్పాయి తిన్నదన్నారు. ఎవరో మహాతల్లి వార్డులోకి వచ్చి మరీ ఆ పిల్ల మొహం మీదే అంది. నాకు తిక్క రేగి, ముగ్గుర్నీ నా రూములోకి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. డాక్టర్లు ఇక్కడ నీళ్లు నములుతారు. మీరు నమలకండి.

ఆ మేకు తయారుచేసే జీను ప్రతి మనిషికీ రెండు కాపీలుంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒకటి చెడినా రెండోది పని నెట్టుకొస్తుంది, మనిషికి ఏ తేడా తెలీదు. రెండూ చెడితే ఇదిగో, ఇలా. చెడిన కాపీ ఉన్నవాళ్లు చాలా అరుదు. అలాంటివాళ్లు ఇద్దరు దంపతులు కావడం ఇంకా అరుదు. కానీ ఇద్దరూ ఒకే ఇంటి బిడ్డలైతే అంత అరుదు కాదు. రేవతి తిన్నదాని వల్ల కాదు, తిరిగినదాని వల్ల కాదు. మళ్లీ కడుపొస్తే ముందే పరీక్ష చేయించుకోవచ్చు, ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు భయం ఉంటుంది. అంతా చెప్పాను.

రాంబాబు తల వంచుకున్నాడు. రేవతి మొహంలో, చాలా రోజుల తర్వాత, కొంచెం తెరిపి కనిపించింది. సామ్రాజ్యమ్మ గారు మాత్రం నన్నే చూస్తున్నారు.

"అంటే, మా అబ్బాయికీ, చచ్చిపోయిన మా అమ్మాయికీ నా దగ్గర్నుంచే వచ్చిందన్నమాట" అన్నారు. రేవతి తల్లి ఈ పిల్ల చిన్నప్పుడే పోయిందని నాకు అప్పుడే తెలిసింది.

"మీ దగ్గర్నుంచో, మీ వారి దగ్గర్నుంచో. అది ఎవరి తప్పూ కాదు మామ్మగారూ. ఎవరికీ కనపడేది కాదు."

"కూతురు పోయింది. ఉన్న ఒక్క మనవరాల్ని పరాయి కొంపకి పంపలేక నా దగ్గరే ఉంచుకుందామనుకున్నానమ్మా. విడిపోకుండా ఉంటామనే కదా చేసింది?" అన్నారు. అడిగినట్టు లేదు. తనకి తనే చెప్పుకున్నట్టుంది.

నిజం చెప్పడం మంచిదే అంటారు. ఆ రోజు రేవతి మీదనుంచి ఒక బరువు దించి ముసలావిడ నెత్తిన పెట్టాను, అంతే. బరువైతే ఎక్కడికీ పోలేదు.

మీరు నేర్చుకోవాల్సింది

ఈ జబ్బుకి వైద్యం లేదు. డ్రెస్సింగులు, నొప్పి మందు, చల్లగాలి, పాలు, అంతే. మందు లేనప్పుడు డాక్టరు ఆ మంచం దగ్గరికి వెళ్లడం మానేస్తాడు. నేను చాలామందిని చూశాను. రౌండ్సులో ఆ మంచం దగ్గర అడుగు వేగం పెరుగుతుంది, కేస్ షీటు చూస్తున్నట్టు నటిస్తారు. మీరు మాత్రం ఆగండి. ఆగితే ఏమవుతుంది అంటారా? ఏమీ కాదు. జబ్బు తగ్గదు, మీకు నిద్ర పట్టదు, అంతకంటే ఏమీ కాదు. అయినా ఆగండి.

నొప్పి మందు విషయంలో పిసినారితనం చేయకండి. డ్రెస్సింగు మార్చడానికి చాలా ముందే ఇవ్వండి. పసిపిల్లలకి అంత నొప్పి తెలీదని చెప్పే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. వాళ్ల జబ్బలు పట్టుకుని ఆ మంచం దగ్గరికి ఈడ్చుకు రండి.

ఇలా ఆగితే చివరికి మనసుకి ఏదో తృప్తి దక్కుతుందని కూడా ఎవరైనా చెబుతారు. నాకు దక్కలేదు. ఇంత పని చేశానని ఎప్పుడైనా అనుకుందామంటే, ఆ బొంగురు ఏడుపు వినిపిస్తుంది.

ఎత్తుకోవడం

ఆ స్నానం తర్వాత పాప మళ్లీ ఇంటికి వెళ్లలేదు. ఒకచోట మానితే ఇంకోచోట లేచేది. బెజవాడ ఎండలు సరేసరి, వార్డు కూలరు తిరిగిన రోజు తిరిగేది, లేని రోజు లేదు. రేవతి తడిగుడ్డ కిటికీకి కట్టి, తాటాకు విసనకర్రతో విసురుతూ కూర్చునేది. ఆకు మార్చడంలో మా సిస్టర్ల కంటే ఆ పిల్లే నయం అయింది. కొత్త ఆకుని పాత ఆకు కిందికి మెల్లగా తోసి, పాత దాన్ని రెండోవైపు నుంచి జార్చేది. పాప కదిలేది కాదు. నేను నేర్పినవన్నీ అంత బాగా నేర్చుకుంది.

సామ్రాజ్యమ్మ గారు రోజూ వచ్చేవారు. గుమ్మం దాటి లోపలికి వచ్చేవారు కాదు. చేతులు పమిట కొంగులో చుట్టుకుని అక్కడే నిలబడేవారు.

మూడో నెల నిండుతుండగా సెప్టిక్ మొదలైంది. మందులు మార్చాం, పిల్లల డాక్టర్లు వచ్చి చూశారు. ఒక పొద్దున నేను వెళ్లేసరికి పాప ఏడవడం మానేసింది. ఊపిరి మాత్రం పైపైన ఆడుతోంది. ఇంక గంటల మాటే. నొప్పి మందు పెంచమని సిస్టరుకి చెప్పి, రేవతి పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

ఆ రోజు ఆ పిల్ల నన్ను అడగలేదు. చాలా రోజులుగా అడగడం మానేసిందని నాకు అప్పుడే తట్టింది.

"రేవతీ, పాపని ఎత్తుకో అమ్మా" అన్నాను.

నా వంక చూసింది, అర్థం కానట్టు.

"ఆకుతో కాదు. మామూలుగానే, ఒళ్లోకి తీసుకో. ఇప్పుడు ఏం పర్లేదు."

రెండు చేతులూ ముందుకి తెచ్చింది. పాప దాకా తెచ్చి, అక్కడే ఆపేసింది. మళ్లీ వెనక్కి తీసుకుంది.

"వద్దండీ. దానికి నొప్పెడుతుంది" అంది.

"నొప్పి మందు ఎక్కువే ఇచ్చానమ్మా. తెలీదు దానికి."

"వద్దండీ. తోలు లేస్తుంది. మీరే చెప్పారు కదండీ."

రేవతి అరచెయ్యి ఆకు కింద పెట్టి, అలా మోస్తున్నట్టు కూర్చుంది. ఆ చేతికీ బిడ్డకీ మధ్య అరిటాకు ఉంది. మధ్యాహ్నం దాకా ఆ చెయ్యి తీయలేదు. రాంబాబు మంచానికి అటువైపు నిలబడ్డాడు. నేను ఓపీకి పోలేదు. ఎవరో వచ్చి పేషెంట్లు అరుస్తున్నారన్నారు, అరవనీ అన్నాను.

ఊపిరి ఎప్పుడు ఆగిందో ఆ పిల్లకే ముందు తెలిసింది. నా వంక తలెత్తి చూసింది. నేను స్టెత్ పెట్టి విని, తీసేశాను. గుమ్మం దగ్గర సామ్రాజ్యమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకున్నారు.

రేవతి చాలా మెల్లగా, మిగతా పేషెంట్లకి వినపడకూడదన్నట్టు, "ఇప్పుడు నొప్పుండదు కదండీ?" అంది.

"ఉండదమ్మా" అన్నాను.

"నిజంగా ఉండదు కదండీ?"

"ఉండదు."

అప్పుడు ఎత్తుకుంది. చంకల కింద చేతులు పెట్టి, అందరు తల్లులూ ఎత్తుకున్నట్టే ఎత్తుకుంది. భుజాన వేసుకుని వీపు నిమిరింది. నుదుటి మీద, బుగ్గల మీద, ఆ పెదాల మీద ముద్దులు పెట్టుకుంది. తర్వాత రెండు చేతులతో గుండెకి గట్టిగా, చాలా గట్టిగా అదుముకుంది. వార్డులో ఎవరమూ వద్దనలేదు.